నాలుగంగుళాల తరుగు

మా బడి వాలీబాల్ జట్టుకు నన్ను ఎంపిక చేసిన రోజున నేను బాల్‌ని ముట్టుకోనే లేదు. ముట్టుకున్నది వెంటిలేటర్‌ని.

కన్నడ రాష్ట్రం అంచున ఉన్న బాగేపల్లిలో అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆ రోజు సైన్సు టీచరమ్మ రాకపోవడంతో పీటీ మేష్ట్రు మా గదికి వచ్చి, గలాటా చెయ్యొద్దని చెప్పి, పేపరు చదువుకుంటున్నారు. గోడకు పైన ఉన్న వెంటిలేటర్ తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. "ఎవురన్నా దాన్ని మూయండమ్మా" అన్నారు తలెత్తకుండానే. ఇద్దరు పిల్లలు బెంచీని గోడ దగ్గరికి లాగబోయారు. వెనక వరసలో కూర్చున్న నేను లేచి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి చాపి మూసేసి వచ్చాను. మేష్ట్రు పేపరు మడిచారు. నన్ను పాదాల నుంచి తల దాకా ఒకసారి, తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసి, "రేపట్నుంచి సాయంత్రం గ్రౌండుకి రామ్మా" అన్నారు. ఏ ఆటకో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

అప్పుడు నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. పదమూడేళ్ళ పిల్లకు, అందులోనూ మా ఇంటి పిల్లకు, అది చాలా ఎక్కువ. తాతల కాలం నుంచీ మాది వ్యాపారం చేసుకునే కుటుంబం. నాయనకు బస్టాండు దగ్గర చిల్లర సామాన్ల అంగడి ఉంది. ఊదొత్తులు, కర్పూరం, దీపం వత్తులు పైఅరలో ఉండేవి. వాటిని దించడానికి ఒక కొయ్య నిచ్చెన ఉండేది గానీ, దాని రెండో మెట్టు విరిగిన నాటి నుంచి ఆ ఉద్యోగం నాకొచ్చింది. నాయన నన్ను చూపించి గిరాకీలతో "మా అంగడికి నిచ్చెన అక్కర్లేదప్పా" అని మురిసిపోయేవాడు. అందుకే సాయంత్రం ఆటకు పోతానంటే ముందు ఆయనకే నచ్చలేదు.

"సరిగ్గా యాపారం జరిగే టైముకు నువ్వు గ్రౌండులో ఉంటే ఊదొత్తులు ఎవురు దించేది?"

అవ్వకు ఇంకో భయం. మా నాయన తల్లి ఆమె, మిట్టేమరిలో పుట్టి పెరిగింది, దేన్నైనా సూటిగా చెప్పే మనిషి. "ఎగిరేకొద్దీ పొడుగైతారంట. ఇప్పటికే ఇది వాకిలికి తగులుకుంటాండాది. ఇంకా ఎగిరితే యాడికి పోతాది?" అంది. అక్కడ గ్రౌండులో మేష్ట్రు కూడా మాకు రోజూ అదే చెప్పేవారు. "ఎగరండమ్మా, ఎగరండి. ఎగిరేకొద్దీ పొడుగైతారు." అవ్వా, మేష్ట్రూ జీవితంలో ఎప్పుడూ కలుసుకోలేదు. కానీ ఇద్దరూ చదివిన శాస్త్రం ఒకటే. ఒకరు దానికి భయపడ్డారు, ఒకరు దాన్ని నమ్ముకున్నారు. ఇద్దరికీ తెలియని సంగతి ఏమిటంటే, ఆ ఏడాదే నేను పెరగడం ఆపేశాను.

అది నాకూ తెలియదు కాబట్టి హాయిగా ఆడాను. నన్ను నెట్ దగ్గర నిలబెట్టి, లిఫ్టర్ బాల్‌ని పైకి లేపితే ఎగిరి కొట్టమన్నారు. స్మాష్ అంటే అదేనని రెండు రోజులకు అర్థమైంది. కింద ఎవరు పరుగెత్తుతారో, ఎవరు బాల్ ఎత్తుతారో నాకు పట్టేది కాదు. అది పొట్టిపిల్లల పని. మేష్ట్రు బడిలో పంచే పాలు నాకు ఒక గ్లాసు ఎక్కువ పోయించేవారు. గుడ్లు తినమని కూడా చెప్పారు. ఆ మాట ఇంట్లో చెప్పగానే అమ్మ, "మన ఇంట్లోనా?" అని ఒక్క మాట అని, మరుసటి రోజు నుంచి ఉలవల మొలకలు పెట్టింది. మూడేళ్ళు తిన్నాను. నేను ఎందుకు పెరగలేదో చెప్పమని ఎవరైనా అడిగితే మేష్ట్రు ఇప్పటికీ ఆ ఉలవల పేరే చెబుతారు.

తొమ్మిదో తరగతిలో మేము తాలూకా స్థాయిలో గెలిచాం. ఎదుటి జట్టు ఎక్కిన బస్సు దారిలో చెడిపోయి రాలేకపోవడం అందుకు కొంత సాయపడింది. గెలిచినవాళ్ళం కాబట్టి జిల్లా క్రీడాకూటం పోటీలకు చిక్కబళ్ళాపురం పోయాం. సున్నంతో గీసిన గీతలు నాలుగు వైపులా చెరగకుండా ఉన్న కోర్టును నేను అక్కడే మొదటిసారి చూశాను. చిరుగులు లేని నెట్‌నూ అక్కడే చూశాను. శిడ్లఘట్ట తాలూకా జట్టుతో మా ఆట. మొదటి బాల్ లేవగానే గాల్లోకి ఎగిరి నా బలమంతా పెట్టి కొట్టాను. అది నేలను తాకలేదు. ఒక పొట్టి పిల్ల, నా చెవి దాకా వస్తుందేమో, ఎక్కడి నుంచో వచ్చి మోకాళ్ళ మీద జారి, రెండు ముంజేతుల మీద దాన్ని లేపింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అక్కడే ఉంది. ఎడమకు కొడితే ఎడమ పక్క, కుడికి కొడితే కుడి పక్క. అరగంట అయ్యేసరికి నాకు కోపంతో కళ్ళు మండిపోయాయి. వాళ్ళు రెండు సెట్లూ గెలిచి, అరిటిపళ్ళు తినడానికి పోయారు.

కొళాయి దగ్గర ఆ పిల్లే నా పక్కకు వచ్చి మొహం కడుక్కుంది. వాళ్ళది దిబ్బూరహళ్ళి అని, ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారని చెప్పింది. పుట్టినప్పటి నుంచి పురుగుల తట్టల కింద వంగి లేచి ఆకు వేసీ వేసీ నడుము రబ్బరైపోయిందని నవ్వింది. నేను నవ్వలేదు.

"నువ్వు బాగా కొడతాండావక్కా. కానీ ఎగిరే ముందు యాడ కొట్టాల్లనుకుంటావో ఆడికే చూస్తావు. నేను నీ కండ్లు చూసి ఆడికి పోయి నిలబడతాండా. అంతే" అంది.

ఆ మాటకు ఆమెకు దండం పెట్టాల్సింది. కానీ ఓడిపోయినదాన్ని వెక్కిరిస్తోందని అనుకున్నాను. పొట్టిపిల్లకు ఆ మాత్రం పొగరు ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను.

పదో తరగతిలో ఉండగా మా అంగడికి బెల్లం కొనడానికి వచ్చిన ఒక లెక్చరర్ నాయనకు ఒక సంగతి చెప్పాడు. చింతామణిలో ఒక ప్రైవేటు కాలేజీ ఉంది, పీయూసీ నుంచి డిగ్రీ దాకా అన్నీ అక్కడే, అమ్మాయిల వాలీబాల్ జట్టుంది, బాగా ఆడే పిల్లలకు సీటూ హాస్టలూ ఉచితంగా ఇస్తారు అని. ఆయన బెల్లం తీసుకుని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి వాలీబాల్ ఆట కాకుండా పోయింది. చదువైపోయింది. నాయన వారం తిరిగేలోగా కొత్త ఇనుప నిచ్చెన కొన్నాడు. "ఏమ్మా, ఈ పూట గ్రౌండుకు పోలేదా?" అని తానే తరిమేవాడు. అవ్వ కూడా దారికొచ్చింది. ఉచితంగా వచ్చే సీటు కోసం వాకిలికి తల తగిలినా ఫర్వాలేదని ఆమె లెక్క వేసుకుంది.

ప్రతి నెలా మొదటి సోమవారం నాయన నన్ను అంగడి తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, నెత్తిన స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత గీసేవాడు. ప్రతి నెలా గీత మీదే గీత పడింది. ఏడాది అయ్యేసరికి అది బాగా లావైంది గానీ నూలు పోగంత కూడా పైకి పోలేదు. నాయన అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసేవాడు. "పెన్సిలు మొద్దుబారినట్ల ఉండాది" అనేవాడు.

పరీక్షలు అయ్యాక కాలేజీ అర్జీ నింపించుకోవడానికి మేష్ట్రు దగ్గరికి పోయాను. ఆయన ఓటర్ల జాబితా పనిలో తల మునకలుగా ఉన్నారు. బడి వసారాలో చుట్టూ కాగితాలు పరుచుకుని, వాటి మీద రాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. నా అర్జీని కూడా ఒక రాయి కింద పెట్టి, ఒక్కొక్కటీ అడుగుతూ నింపారు. పేరు, తండ్రి పేరు, ఆడిన క్రీడాకూటాలు, ఆడే స్థానం. ఆడే స్థానం దగ్గర నన్ను అడగకుండానే 'ప్రధాన స్మాషర్' అని రాశారు.

"ఎత్తు?"

"ఐదూ నాలుగు సార్."

ఆయన 5 రాసి, చుక్క పెట్టి, 8 రాశారు.

"సార్, నాలుగు సార్."

"అది ఇప్పుడమ్మా. కాలేజీ తెరిచేది జూన్‌లో కదా? జూన్‌కి ఎంతుంటావో అది రాస్తాండా."

"రెండు నెలల్లో నాలుగంగుళాలు..."

"నువ్వు ఎగురుతా ఉండు" అని ముద్ర వేసి ఇచ్చేశారు. ఆయన మోసం చేశారని నేను ఈ రోజు కూడా అనను. ఆయన నిజంగా నమ్మారు. నమ్మకానికి గుండ్రటి ముద్ర కూడా ఉంటే ఇక ఎదురు చెప్పడానికి నేనెంతటిదాన్ని?

ఆ రెండు నెలలు నేను బతికిన బతుకు చెప్పుకోకూడదు. పొద్దునా సాయంత్రమూ అంగడి ముందరి ఇనుప కడ్డీకి వేలాడేదాన్ని. మధ్యాహ్నం అవ్వ నన్ను చాప మీద పడుకోబెట్టి, కాళ్ళకు ఆముదం రాసి, పాదాలు పట్టుకుని తన వైపు లాగేది. అమ్మ మొలకలు రెట్టింపు చేసింది. అర్జీలో ఏం రాశారో నేను ఎవరికీ చెప్పలేదు. ఊరికే పొడుగైతే మంచిదని అందరూ కలిసి కష్టపడ్డారు. జూన్‌లో గీత గీస్తే ఎప్పటి గీతే. కడ్డీ మాత్రం కొంచెం వంగింది.

చింతామణికి నాయన నాతో వచ్చాడు. అంగడికి ఆ రోజు సెలవు పెట్టాడంటే అది మా ఇంట్లో పెద్ద సంగతి. కాలేజీలో క్రీడల గదిలో కోచ్ మేడం కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి, మెడలో విజిల్, ముందర మా అర్జీల కట్ట. తలెత్తి నన్ను చూసింది, అర్జీని చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"ఎత్తర ఎష్టు?" అంది కన్నడంలో, ఎత్తెంత అని.

ఆమె లేచి గోడకు గీసిన కొలబద్ద దగ్గర నన్ను నిలబెట్టింది. చెప్పులు విప్పించింది. జడను పక్కకు తప్పించి, నెత్తి మీద అట్ట పెట్టి చూసింది. ఈసారి తెలుగులోకి వచ్చింది.

"ఐదూ నాలుగు. అర్జీలో ఐదూ ఎనిమిదుండాది. మిగిలిన నాలుగంగుళాలు యాడ పెట్టేసి వచ్చినావమ్మా?"

నాయనకు ఆ సంగతి తెలిసింది అప్పుడే. ఆయన మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత గల్లాపెట్టె దగ్గర కూర్చున్నప్పుడు ఉండే ఒక రకమైన నిబ్బరం వరసగా వచ్చి పోవడం చూశాను. ఒక అడుగు ముందుకు వేసి, చాలా మర్యాదగా అన్నాడు.

"తరుగు పోయినట్ల ఉండాదమ్మా."

"ఏంది?"

"సరుకు రాసినప్పుడు ఒక తూకముంటాది. బస్సులో వచ్చి దిగేసరికి కొంచెం తరుగు పోతాది. కాయలకైనా, బెల్లానికైనా అంతే కదమ్మా. మిగిలిన సరుకు మంచిది. చూసుకోండి."

మేడం కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. తిరిగి ఇటు చూసేసరికి మొహం గట్టిగా బిగించుకుని ఉంది. "సరే, సరుకు చూస్తాం. బట్టలు మార్చుకుని కోర్టుకు రా" అంది.

కోర్టులో నెట్‌కు అవతల నలుగురు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. నలుగురూ నాకంటే పొడుగే. మధ్యలో ఉన్న అమ్మాయైతే మిగతా ముగ్గురి కంటే పొడుగు. నన్ను చూసి చెయ్యి ఊపింది. ఆ నవ్వును పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. కొళాయి దగ్గర నాకు సలహా చెప్పిన దిబ్బూరహళ్ళి పిల్ల. రెండేళ్ళలో అరడుగు పైగా పెరిగి ఉంటుంది. ఆమెకు ఎవరూ ఉలవలు పెట్టలేదు, కాళ్ళు లాగలేదు. తర్వాత అడిగితే, పట్టుపురుగుల పనిలో తినడానికి కూడా సరిగ్గా తీరుబడి ఉండేది కాదని చెప్పింది.

బాల్ లేచింది. ఎగిరి కొట్టాను. నెట్ పైన ఆమె రెండు చేతులు గోడలా లేచాయి, బాల్ తిరిగి నా మొహం మీదికే వచ్చింది. నాయన గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ఇంకొకటి కొట్టాను, అదీ తిరిగొచ్చింది. మూడోదీ అంతే. నాలుగోసారికి సీటు పోయిందని తెలిసిపోయింది, ఇక సిగ్గు కూడా లేదు, మిగిలింది రోషం ఒక్కటే. తిరిగొస్తున్న బాల్‌ని నేలను తాకనివ్వకూడదని మాత్రం అనుకుని, గాల్లోంచి దిగుతూనే పక్కకు దూకి ముంజేతుల మీద లేపాను. ఎవరూ ఆపమని చెప్పలేదు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ కొట్టారు, నేను మళ్ళీ మళ్ళీ పడుతూ లేస్తూ ఎత్తాను. కొన్ని వదిలేశాను, చాలా ఎత్తాను. మోచేతులు చీరుకుపోయాక మేడం విజిల్ ఊదింది.

"సీటిస్తాను" అంది. నాయన గట్టు మీద లేచి నిలబడ్డాడు. "కానీ స్మాష్ మర్చిపో. నువ్వు లిబరో."

లిబరో అంటే ఏమిటో చెప్పాలి. జట్టులో ఒకే ఒక్క మనిషి వేరే రంగు చొక్కా వేసుకుంటుంది. ఆమె వెనక వరసలోనే ఆడాలి. ఎదుటివాళ్ళు కొట్టినదాన్ని కిందపడకుండా ఎత్తి లిఫ్టర్‌కు అందించాలి. నెట్ కంటే పైనుంచి బాల్‌ని అవతలికి కొట్టకూడదు, బ్లాక్‌కు చేతులు లేపకూడదు. మా జట్టులో సర్వీసు కూడా నాది కాదు. ఒక్క మాటలో చెప్పాలంటే, జట్టుకు నేను ఎన్నడూ ఒక పాయింటు తెచ్చిపెట్టడానికి లేదు. పొడుగని చెప్పి మూడేళ్ళు పాలు తాగిన నేను, ఆ జట్టులో అందరికంటే పొట్టిదాన్ని. పొట్టివాళ్ళ పని అని అటు చూడని పనే నాకు సీటు ఇప్పించింది.

మొదటి ఏడాది ఆ చొక్కా వేసుకున్నప్పుడల్లా ఏడుపొచ్చేది. దిబ్బూరహళ్ళి పిల్ల నాకు హాస్టల్లో పక్క మంచం. ఎలా వంగాలో, ఎక్కడ చూడాలో ఆమే నేర్పింది. "బాల్‌ని చూడొద్దు. కొట్టేదాని భుజాన్ని చూడు, కండ్లను చూడు" అనేది. తాను పోగొట్టుకున్న పనిని నాకు అప్పగిస్తున్నట్టు ఓపికగా చెప్పేది. ఆమెకు నెట్ దగ్గర నిలబడటం నచ్చలేదని చాలా రోజులకు చెప్పింది. ఎగిరితే అందరూ చూస్తారట, ఆమెకు అది సిగ్గట. నాకేమో ఎవరూ చూడటం లేదని దిగులు. ఇద్దరం మా మంచాల మీద ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు చూసి అసూయపడేవాళ్ళం.

ఇంటికి మాత్రం లిబరో సంగతి చెప్పలేదు. మేడం ఆ రోజు చెప్పిన మాటలో నాయనకు సీటు ఒక్కటే వినిపించింది. మ్యాచ్ అయిన ప్రతిసారీ ఫోను చేసి, "ఎన్ని కొట్టినావమ్మా?" అని అడిగేవాడు. మొదటిసారి నోటికొచ్చి "నాలుగు" అన్నాను. ఆ తర్వాత ఐదు, ఒకసారి ఏడు. నాయన నా మాట నమ్మి గిరాకీలకు చెప్పేవాడు. సెలవులకు ఇంటికి పోతే బస్టాండులో పండ్ల బండి ఆయన కూడా, "ఏడు కొట్టినావంట కదమ్మా!" అని పలకరించేవాడు. అంగడి విడిచి రాలేడు కాబట్టి నాయన మ్యాచ్‌కు రాడని నాకు ధైర్యం. అలా మూడేళ్ళు గడిచాయి.

డిగ్రీ రెండో ఏడాది కాలేజీల మధ్య పోటీ ఫైనల్ చిక్కబళ్ళాపురంలో పడింది. మేము ఆడేది మాకంటే పేరున్న జట్టుతో. ఆట మొదలయ్యే ముందు వరసగా నిలబడి దండం పెడుతూ తలెత్తి చూస్తే, మెట్ల మీద మా నాయన. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో ఒక సంచి. అంగడికి సరుకు తీసుకోవడానికి ఆ ఊరికి వచ్చి, మ్యాచ్ ఉందని తెలిసి వచ్చాడట. అరగంటలో నా ఏడూ, ఐదూ, నాలుగూ అన్నీ తేలిపోతాయి.

ఆ ఆట నాకు సరిగ్గా గుర్తులేదంటే నమ్మాలి. నాయన వైపు చూడకూడదన్న పట్టుదల ఒకటి గుర్తుంది. అటు చూడకుండా ఉండాలంటే ఎదుటి అమ్మాయిల భుజాలను, కళ్ళను చూడక తప్పలేదు. అంతకు ముందు ఎప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు. వాళ్ళు ఎక్కడ కొడితే అక్కడ నేనే ఉన్నాను. నేను ఎత్తితే లిఫ్టర్ లేపింది, లిఫ్టర్ లేపితే దిబ్బూరహళ్ళి పిల్ల కొట్టింది. ఆఖరి సెట్‌లో పదిహేను పాయింట్లకు మేమే ముందు చేరాం. అందరూ ఆమెను ఎత్తుకున్నారు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

నేను నేరం చేసినదానిలా మెట్ల దగ్గరికి పోయాను. నాయన నా చొక్కాను కాసేపు చూశాడు.

"మిగతావాళ్ళకంతా నీలం చొక్కా ఉండాది. నీకొక్కదానికే పసుపుపచ్చ. ఉతికింది ఆరలేదా?"

"లేదు నాయనా. నాది వేరే రంగే."

"ఒక్కటి కూడా కొట్టలేదే నువ్వు."

"నేను కొట్టకూడదు నాయనా. రూలే అట్ల ఉండాది."

"ఈ పొద్దుకా?"

"ఏ పొద్దూ."

మూడేళ్ళ ఫోన్లన్నీ ఆయన మనసులో ఒక్కొక్కటే తిరుగుతున్నాయని నాకు తెలుస్తోంది. తిడితే బాగుండుననిపించింది. చివరకు సంచి పక్కన పెట్టి అడిగాడు.

"ఆ పొడుగు పాప కొట్టిందే, ఆ బాల్ ఆయమ్మికి యాడ్నుంచి వచ్చింది?"

"లిఫ్టర్ ఇచ్చింది."

"లిఫ్టర్‌కి?"

"నేనిచ్చినాను."

"అన్నీనా?"

"చాలా మటుకు."

నాయన మొహం విప్పారింది. అది కూతురిని మెచ్చుకునే తండ్రి మొహం కాదు, లెక్క కుదిరిన వ్యాపారి మొహం.

"అట్ల చెప్పొద్దా మరి! నువ్వు హోల్‌సేలు. ఆ పాప రీటైలు. గిరాకీకి కండ్లకు కనిపించేది రీటైలే. సరుకంతా నీ దగ్గర్నుంచే కదా పోతాండాది" అని, గొంతు తగ్గించి, "ఫోనులో మాత్రం అబద్ధాలు చెప్పొద్దమ్మా. నేను పదిమందికి చెప్పుకునేవాణ్ణి" అన్నాడు.

ఆ రెండో మాటకు నేను ఏడ్చాను. ఆయన కంగారుపడి సంచిలోంచి ఒక బెల్లం ముక్క తీసి ఇచ్చాడు.

మరుసటి రోజు స్థానిక పత్రికలో మా గెలుపు వార్త వచ్చింది, ఫొటోతో సహా. గాల్లో దిబ్బూరహళ్ళి పిల్ల, చెయ్యి పైకెత్తి, బాల్‌ని కొట్టబోతూ. ఫొటో అంచున, కింది మూలలో, ఒక మోచెయ్యి. పసుపుపచ్చ చొక్కా అంచు తెలుస్తోంది కాబట్టి ఆ మోచెయ్యి నాదే. నాయన దాన్ని కత్తిరించి అంగడిలో తక్కెడ పక్కన గోడకు అతికించి, బాల్‌పెన్నుతో మోచేతికి బాణం గుర్తు వేశాడట. గిరాకీలు గాల్లో ఉన్న అమ్మాయిని చూసి "మీ పాప బాగా ఎగురుతాండాదప్పా" అంటే, ఆయన ఓపికగా కిందికి చూపించి హోల్‌సేలు, రీటైలు గురించి మొదటి నుంచి చెప్పేవాడట. ఆలస్యమవుతుందని కొందరు అంగడి మార్చేశారని అమ్మ చెప్పింది.

ఆ ఆట చూసినవాళ్ళెవరో చెప్పడం వల్ల నన్నూ, దిబ్బూరహళ్ళి పిల్లనూ విశ్వవిద్యాలయం జట్టుకు తీసుకున్నారు. వీపు మీద విశ్వవిద్యాలయం పేరు రాసిన ట్రాక్‌సూట్లు ఇచ్చారు. అర్జీలో ఎత్తు అడిగితే ఈసారి నేనే రాశాను, సెంటీమీటర్లలో, ఉన్నది ఉన్నట్టు. రెండు రాత్రులు రైల్లో ప్రయాణం చేసి వేరే రాష్ట్రంలో పెద్ద పోటీకి పోయాం. మొదటి మ్యాచ్ పొద్దున తొమ్మిదికి. పది కాకముందే మేము ఓడిపోయి బయటికి వచ్చేశాం. తిరుగు టికెట్లు ఐదో రోజుకు ఉన్నాయి.

జట్టంతా ఊరు చూడటానికి పోయింది. నేను పోలేదు. నాలుగు రోజులూ గ్యాలరీలో కూర్చుని, జట్టు తర్వాత జట్టు ఆడుతుంటే, ప్రతి జట్టులోనూ వేరే రంగు చొక్కా వేసుకున్న అమ్మాయి ఒక్కదాన్నే చూశాను. బాల్ ఎటు పోతోందో, ఎవరు గెలుస్తున్నారో పట్టించుకోలేదు. ఒకమ్మాయి దూకడానికి ముందు కుడి మడమ ఎత్తేది. ఇంకొకమ్మాయి ప్రతి పాయింటుకూ ముందు నేలను అరచేత్తో తడిమేది. మూడో రోజు నా పక్కన కూర్చున్న పెద్దాయన, నేను ఆట జరిగే వైపు కాకుండా ఎటో చూస్తున్నానని, ఎవరి కోసం వచ్చావమ్మా అని హిందీలో అడిగాడు. ఆడటానికి వచ్చానని చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసి, ఈ ఎత్తుతోనా అన్నట్టు జాలిగా, తన దగ్గరున్న వేరుశనగ కాయలు సగం నా చేతిలో పోశాడు.